మేజోళ్ళపేటలో అడగకూడని మాట

మేజోళ్ళపేట ఏ పటంలోనూ కనిపించదు. అది ఫోను తెర మీద మాత్రమే ఉండే ఊరు, అందులో మనుషులంతా పాత మేజోళ్ళు. జత పోగొట్టుకున్న మేజోడుకి రెండు బొత్తాలు కళ్ళుగా కుట్టి, లోపల చెయ్యి దూర్చి, రెండు నిమిషాల వీడియో తీసి అందరూ చూసే చోట పెడితే, పేటలో కొత్త మనిషి కాపురం పెట్టినట్టే. నవ్వకండి. పెద్ద చదువులు చదివినవాళ్ళు, పిల్లల తండ్రులు, ఒక పళ్ళ డాక్టరు కూడా సాయంత్రమయ్యేసరికి చేతికి మేజోడు తొడుక్కుని గోడతో పోట్లాడేవారు.

ఈ పేటకి పునాది వేసింది ఒక దర్జీ. తాళాలు బాగుచేసేవాడి కొట్టుకీ చెప్పులు కుట్టేవాడి కొట్టుకీ మధ్య, మెట్ల కింద ఇరుకు జాగాలో ఆవిడ దుకాణం. కొత్త బట్టలు కుట్టదు. పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తుంది, బిగుతైన కోట్లు వదులు చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. ఒకరు కుట్టినదాన్ని విప్పి మళ్ళీ కుట్టడం కొత్తది కుట్టడం కన్నా కష్టమని ఆవిడ అంటూ ఉండేది. అన్నా వినేవాళ్ళెవరు, అందరికీ సాయంత్రానికల్లా కావాలి.

ఆవిడ భర్త ఒకనాడు ఇంకొకావిడతో ఇంకొక ఇంటికి వెళ్ళిపోయాడు. పోయినవాడు పోయాడు, అతని గురించి అడిగేవాళ్ళు మాత్రం పోలేదు. నడుం చుట్టూ టేపు పెట్టించుకుంటూనే ఒకావిడ, "ఫోనైనా చేస్తున్నాడా?" అనేది. చంక కొలతకని చేతులెత్తి మరొకావిడ, "అసలు ఎక్కడ తేడా వచ్చిందంటావ్?" అనేది. అడిగేవాళ్ళ గొంతులో జాలి ఉండేది గానీ, కళ్ళలో మాత్రం ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి పరిగెత్తేవాళ్ళ ఆత్రం ఉండేది. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకోవడం అప్పుడే మొదలుపెట్టింది. నోటి నిండా సూదులున్న మనిషి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

ఆ మహానుభావుడు వెళ్తూ వెళ్తూ ఒక మేజోడు మర్చిపోయాడు. దాన్ని చెత్తబుట్టలో వేయబోయి, ఎందుకో చేతికి తొడుక్కుంది. రెండు బొత్తాలు కుట్టింది. అది నోరు తెరుస్తూనే, "ఏమ్మా, ఆయన ఇంకా రాలేదా? పొయ్యి మీద కూర మాడిందా, లోపల కడుపు మాడిందా?" అని దీర్ఘాలు తీసింది. అలా పుట్టింది ఆరా పిన్ని. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీసి చూస్తే తప్ప నిద్రపట్టని రకం. ఆ వీడియో చూసుకుని దర్జీ చాలాకాలానికి కడుపుబ్బ నవ్వింది. చూసినవాళ్ళూ నవ్వారు, కొందరు తమ మేజోళ్ళు తెచ్చుకున్నారు, అలా ఊరు కుదురుకుంది.

ఊరన్నాక కట్టుబాట్లు ఉండాలి కదా. అవన్నీ ఆవిడే పెట్టింది. మేజోడు తొడిగి తొడిగి అరగదీసినదై ఉండాలి. కొత్తది ఎంత ఆడించినా మాట్లాడదని పేటలో అందరి నమ్మకం. బొమ్మని బోర్లా పడుకోబెడితే మర్నాటి వీడియో ఎవరూ చూడరని ఇంకో నమ్మకం, అది ఎవరు పుట్టించారో తెలియదు. ఒకరు తమ వీడియోలో వానొచ్చిందంటే పేట మొత్తానికీ వానొచ్చినట్టే. ఎండగా ఉందని ఇంకొకరు కాదనకూడదు, గొడుగు తెచ్చుకుని ఆ వాన మీదే కథ అల్లుకోవాలి. ఎవరి బొమ్మకి వారి గొంతే. గొంతు అరువిచ్చుకోవడం, మెషీను గొంతు పెట్టడం కుదరదు. గొంతు లేని బొమ్మ పేట వదిలి వెళ్ళిపోవాల్సిందే. వీటన్నిటి మీదా పెద్దది ఒకటుంది. మేజోడు కింద ఉన్న మనిషిని ఏమీ అడగకూడదు. పేరు, పని, పెళ్ళి, ఒంట్లో ఎలా ఉంది, ఏదీ అడగకూడదు. బొమ్మని ఎంతైనా అడుగు, మనిషి జోలికి మాత్రం పోకు.

పేటవాళ్ళు మిగతావాటి మీద కీచులాడుకునేవారు గానీ ఈ ఒక్కదాన్ని మాత్రం కళ్ళకద్దుకున్నారు. ఎవరి బాధలు వాళ్ళకున్నాయి మరి. దర్జీ అయితే, ఎవరూ ఏమీ అడగని చోటు ఈ భూమ్మీద ఒక్కటైనా ఉందని ధైర్యంగా ఊపిరి పీల్చుకుంది. తన ఒంటి కొలతలతో కుట్టినది అందరికీ సరిపోతుందని ఆవిడ దుకాణంలో ఏనాడూ అనుకోలేదు. ఇక్కడ మాత్రం ఆ ఆలోచనే రాలేదు.

గొణుగుడు బాబాయి వచ్చింది ఆ తర్వాత. బూడిదరంగు ఉన్ని మేజోడు, మడమ ముందుకి లాగి గడ్డం చేశాడు, పాత బ్రష్షు కుచ్చుతో మీసం అతికించాడు. మొదటి వీడియోలోనే గోడ గడియారం ముందు నిలబడి, "పొద్దస్తమానం తిరుగుతావు, తిరిగి తిరిగి అక్కడికే వస్తావు. నీకో గోడ, గోడకో మేకు, ఎందుకయ్యా ఈ వైభోగం?" అని గొణిగాడు. ఆ గొంతు! నిండుగా, నిదానంగా, ప్రతి అక్షరం ఇస్త్రీ చేసినట్టుండే గొంతు. దర్జీ మిషను ఆపి ఆ వీడియో మళ్ళీ చూసింది.

ఇక పిన్నికీ బాబాయికీ రోజూ యుద్ధమే. ఆవిడ ఆరా తీయడం, ఆయన గొణగడం. చూసేవాళ్ళు కింద రాసేవారు, "వరస కుదిరింది, పెళ్ళెప్పుడు?" అని. ఆరా పిన్ని తల ఎగరేసి, "ఊరందరికీ నేను పిన్నిని, ఊరందరికీ ఆయన బాబాయి. మాకు మేం మాత్రం ఏమీ కామర్రా, వెళ్ళి పనులు చూసుకోండి!" అని తలుపేసేది. ఆ తలుపు బూట్ల పెట్టె మూత.

మధ్యలో దర్జీ తల్లి పోయింది. చాలా రోజులు ఆవిడ వీడియో పెట్టలేదు. పేటలో ఎవరూ ఎందుకని అడగలేదు, అడగకూడదు కాబట్టి. బాబాయీ అడగలేదు. అయితే పిన్ని ఇంటి తలుపుని అట్టముక్క మీద అచ్చం అలాగే చేసుకుని, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఈ తలుపుకి నూనె రాసే దిక్కులేదు. ఈ గుమ్మం మీద దుమ్ము చూడండి. నేను మాత్రం ఇక్కణ్ణించి కదిలేది లేదు. పనిలేక కాదు, నాకు బోలెడు పనుంది," అంటూ రోజూ ఒక వీడియో. వాటిని చూసి దర్జీ కుట్టుమిషను మీద తల ఆనించి ఏడ్చింది. ఒక్క ప్రశ్న అడక్కుండా అంత తోడున్న మనిషి ఆవిడకి రక్తసంబంధంలో కూడా లేడు. తన కట్టుబాటు ఎంత గొప్పదో అని మురిసిపోయింది కూడా.

ఆయన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. పేరు తెలియదు. కాని పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తగానే ముందు ఆ గొణుగుడు వినేది, తర్వాతే సూదిలో దారం ఎక్కించేది. ఆవిడకి మిగిలిన ఆత్మీయుడు ఎవరంటే ఆ గొంతే.

ఒక మధ్యాహ్నం కోటుకి కాజా కుడుతుండగా ఫోను మోగింది. బాబాయి దగ్గర్నించి విడిగా సందేశం. అంతవరకూ ఆయన అలా విడిగా రాయలేదు. "బొమ్మగా కాదు, మనిషిగా ఒక మాట అడగొచ్చా?" అని మాత్రమే ఉంది.

దర్జీ సూదిని కోటుకే గుచ్చి వదిలేసింది. మనిషిగా ఏం అడుగుతాడు? మీవారేం చేస్తారు అంటాడు. ఒక్కరే ఉంటారా అంటాడు. ఇన్నాళ్ళూ తలుపు బయట కూర్చున్నవాడు ఇప్పుడు తలుపు తోస్తున్నాడు, ఈయనా అందరిలాంటివాడే అనుకుంది. అలా అనుకోవడానికి బాధేసింది, కోపమూ వచ్చింది. "కట్టుబాటు మర్చిపోయావా బాబాయ్? ఏదున్నా నీ బొమ్మ చేత అడిగించు, మా పిన్ని చెబుతుంది" అని రాసి, చివర ఒక నవ్వు మొహం పెట్టింది.

చాలాసేపటికి జవాబొచ్చింది. "నిజమే. కట్టుబాటు కట్టుబాటే."

గండం గడిచిందనుకుని ఆవిడ కాజా పూర్తిచేసింది.

ఆ వారంలోనే బాబాయి కొత్త వీడియో వచ్చింది. బొమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, ఎప్పటిలా దేన్నీ తిట్టడం లేదు. "గొంతులో ఏదో పుట్టిందటర్రా. మంచి రకం కాదట. కోసి తీసేస్తామంటున్నారు. తీస్తే దాంతోపాటు గొంతూ పోతుందట. గొంతు పోతే నేనీ పేటలో ఉండకూడదు కదా! ఏమంటావు పిన్నీ? పోయి కోయించుకోనా, కొన్నాళ్ళు ఆగనా?"

పేట ఊగిపోయింది. ఇంత మంచి కథ అంతకుముందు ఎవరూ ఎత్తుకోలేదు. కాదనకూడదు, దాని మీద అల్లాలి. అందరూ అల్లారు. గొంతులో పుట్టింది కప్ప అన్నాడొకడు. కాదు, చిన్నప్పుడు మింగిన ఈల అన్నాడింకొకడు. పళ్ళ డాక్టరు గారి బొమ్మ పట్టకారు పట్టుకుని బాబాయి నోట్లోకి తలదూర్చింది. అందరికన్నా బాగా అల్లింది ఆరా పిన్నే. "అదేం రోగం కాదయ్యా! ఇన్నేళ్ళూ సగం గొణిగి సగం మింగావు చూడు, ఆ మింగినవన్నీ పేరుకుని గడ్డకట్టాయి. కోతా లేదు, గీతా లేదు. ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. నీ గొణుగుడు వినకపోతే నాకు పొద్దు గడవదు. నేను చెబుతున్నాను, ఆగు!" అని నడుం మీద చేతులు పెట్టుకుంది. మేజోడుకి నడుమేమిటంటే, అదంతా ఆవిడ గొంతులో ఉండేది. పేట పుట్టాక అంతమంది చూసిన వీడియో లేదు.

బాబాయి ఆగాడు.

నెలల తరబడి ఆ కథ నడిచింది. మింగిన గొణుగుళ్ళని ఒక్కొక్కటే బయటికి తీయడం, తీసినదాన్ని సీసాలో పెట్టి మూతేయడం. వారం వారం బాబాయి గొంతు బొంగురుపోతూ వచ్చింది. తర్వాత అది గీరినట్టయింది, ఆ తర్వాత గుసగుస. "గొంతు ఎంత బాగా మార్చావు బాబాయ్!" అని రాసేవారు. "నటనంటే ఇదీ, చూసి నేర్చుకోండి!" అని కొత్తవాళ్ళకి చెప్పేవారు. దర్జీ కూడా రాసింది, "చివరి మాట గాలిలా వదిలావు చూడు, ఒళ్ళు జలదరించింది" అని. దానికి ఆయన ఒక నవ్వు మొహం పెట్టాడు.

ఆఖరి వీడియోలో బొమ్మ నోరు తెరిచి మూసింది, చప్పుడు లేదు. పేటలో పెద్ద చర్చ జరిగింది. గొంతు లేని బొమ్మ ఉండొచ్చా, వెళ్ళిపోవాలా? దర్జీ తీర్పు చెప్పింది, అది ఆయన సొంత మౌనమే కాబట్టి చెల్లుతుందని. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వీడియో కింద ఎవరో కొత్త మనిషి రాసింది. "నేను ఆయన మేనకోడలిని. ఇది కథ కాదు. మావయ్యకి నిజంగానే బాగాలేదు. దయచేసి జోకులు ఆపండి." పేటవాళ్ళు ఆ అమ్మాయిని ఎగిరి గంతేసి ఆహ్వానించారు. బాబాయికి మేనకోడలు దిగింది, కొత్త బొమ్మ వస్తోంది, భలే మలుపు! ఆరా పిన్ని కూడా, "రావే అమ్మడూ, మీ మావయ్య మీసానికి ఏం నూనె రాస్తాడో నా చెవిలో చెప్పు!" అని ఒక వీడియో వదిలింది.

కాసేపటికి దర్జీకి ఆ అమ్మాయి దగ్గర్నించి విడిగా ఒక ఫొటో వచ్చింది. మంచం, దిండు, దిండుకి చేరగిలబడి ఎముకల గూడులాంటి ఒక పెద్దమనిషి. మెడ మీద కట్టు, కట్టు మధ్యలోంచి ఒక గొట్టం. పక్కన, వెల్లకిలా జాగ్రత్తగా పడుకోబెట్టిన బూడిదరంగు మేజోడు. కింద రాసి ఉంది, "ఇప్పుడు నమ్ముతారా?" అని.

దర్జీ చేతిలో ఉన్న ప్యాంటు పక్కన పడేసింది. ముందు తన వీడియో తీసేసింది. తర్వాత అందరికీ రాసింది, బాబాయి ఒంట్లో నిజంగా బాగాలేదు, నా మీద ఒట్టు, ఇది కథ కాదు అని. "పిన్ని కొత్త ఎత్తు వేసింది!" అని జవాబులొచ్చాయి. ఎవరికైనా ఫోను చేసి నెత్తీ నోరూ బాదుకుందామంటే ఒక్కరి పేరూ తెలియదు, ఒక్కరి నంబరూ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఆవిడకి పట్టుకోవడానికి ఆకైనా లేకపోయింది. మేనకోడల్ని చిరునామా అడిగింది. అది రాసేటప్పుడు కూడా, ఒక మనిషిని చిరునామా అడుగుతున్నందుకు ఆవిడ రెండుసార్లు చెరిపి రాసింది.

బస్సు రెండు మారి వెళ్ళాలి. పాతబడ్డ మేడ, లిఫ్టు పనిచేయడం లేదు. తలుపు తీసిన అమ్మాయి నిద్రలేని కళ్ళతో చూసి, "మీరు మావయ్యకి ఏమవుతారు?" అంది.

ఏమీ కానని అనబోయి ఆగింది. "పిన్నిని," అంది.

అమ్మాయి మొహంలో కోపం వచ్చి, నిలవలేక పోయింది. "లోపలికి రండి. మీ కోసమే ఎదురుచూస్తుంటాడు," అంది. వంటగదిలో నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. ఆయన బస్ స్టేషన్లో ప్రకటనలు చదివేవాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఉద్యోగం చేసినన్నాళ్ళూ చదివి చెప్పాడు. తర్వాత మెషీను పెట్టి ఆయన్ని ఇంటికి పంపారు. భార్య అంతకుముందే పోయింది. "డాక్టర్లు మొదట్లోనే రమ్మన్నారండీ. అప్పుడు తీసేస్తే బతికేవాడన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. చిన్న పనుందమ్మా, అది అయ్యాక వెళ్తా అనేవాడు. ఏం పనో చెప్పేవాడు కాదు. వెళ్ళేసరికి ఊపిరితిత్తుల దాకా పాకిందన్నారు. గొంతు తీశారు, ఏం లాభం?"

ఏం పనో దర్జీకి తెలుసు. పేటలో నడిచిన ఆ కథే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయన అడిగాడు. మనిషిగా అడగొచ్చా అని అనుమతి అడిగాడు, కాదంటే బొమ్మ చేత అడిగించాడు. తను మాత్రం మొదటిసారి తలుపేసింది, రెండోసారి నవ్వించింది. ఆ వంటగదిలో, ఆ పిల్ల ఎదురుగా, దర్జీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అమ్మాయి మందులు తేవడానికి వెళ్ళింది. దర్జీ గదిలోకి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆవిడ, "నేను... పిన్నిని," అంది. ఆ గొంతు విని ఆయన కనుబొమలు పైకి లేచాయి, కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద నోరు తెరిచినట్టు తెరుచుకున్నాయి. ఆ చెయ్యి ఆవిడకి బాగా తెలుసు. మొహమే కొత్త.

"మీకు నొప్పిగా ఉందా?" అని అడిగింది.

ఆయన మొహం చిట్లించి, పక్కనున్న ఫోను తీసుకుని ఒక్కో అక్షరమే నొక్కి చూపించాడు. "ఈ 'మీరు' ఏంటి కొత్తగా?"

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నొప్పిగా ఉందా బాబాయ్?"

ఉందని తలూపాడు.

ఇక ఆవిడ ఆగలేదు. ఏమైనా తాగగలుగుతున్నావా, నిద్ర పడుతోందా, ఆ గొట్టం గుచ్చుకుంటోందా, మీ ఆవిడ ఎలా ఉండేది, ఏ బస్సు పేరు చదవడం నీకిష్టం, ఈ ఉన్ని మేజోడు ఎవరిది, భయమేస్తోందా? ఇన్నేళ్ళూ ఒక్కటీ అడగనిది అన్నీ ఒక్కసారే అడిగింది. చెప్పగల గొంతు ఉన్నన్నాళ్ళూ అడగలేదు. ఆయన కొన్నిటికి తలూపాడు, కొన్నిటికి చెయ్యి తిప్పాడు. భార్య గురించి అడిగినప్పుడు ఉన్ని మేజోడు వైపు చూపించాడు.

తర్వాత ఫోను తీసుకుని చాలాసేపు నొక్కాడు. మధ్యలో అలసి ఆగి, మళ్ళీ నొక్కాడు. తెర ఆవిడ వైపు తిప్పాడు.

"నేను అడిగినప్పుడు ఆగమన్నావు. అది పిన్ని మాటా? నీ మాటా?"

దర్జీ ఆ రెండు ప్రశ్నలనీ చదివింది. పిన్ని మాటే. ఒక మేజోడు జనాన్ని నవ్వించడానికి అన్న మాట. కథేననుకుంది, బాగా అల్లాననుకుంది, ఎంతమంది చూశారో చూసుకుని పొంగిపోయింది. మనిషిగా అడిగి ఉంటే, ఆ రోజే ఆస్పత్రికి పరిగెత్తు, బొమ్మా వద్దు బొంకూ వద్దు అని ఈయన్ని మెడపట్టి తోసేది. ఆ సంగతి చెబితే, ఈయన తన ప్రాణాన్ని ఒక పరిహాసం కోసం ఇచ్చుకున్నట్టవుతుంది. ఆయన కళ్ళు ఆవిడ మొహం మీంచి కదలడం లేదు. అంత ఆశగా తనని ఎవరైనా చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తులేదు.

ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నా మాటే బాబాయ్," అంది. "పిన్ని చేత అనిపించాను గానీ, నా మాటే. నీ గొంతు వినకుండా ఉండలేక ఆగమన్నాను."

ఆయన మొహం తేటపడింది. చెయ్యి విడిపించుకుని, మూడు మాటలు నొక్కి చూపించాడు.

"నేనూ అలాగే అనుకున్నాను."

ఫోను గుండె మీద పెట్టుకుని, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. మేనకోడలు మందులతో తిరిగొచ్చేదాకా దర్జీ ఆ స్టూలు మీద కూర్చునే ఉంది, ఆయనకి వినపడకుండా ఏడుస్తూ.